ఈకోర్ట్స్ యాప్‌తో ఏడేళ్లు: వాయిదా చెప్పింది, గడువు చెప్పలేదు

2018లో మా తమ్ముడు నా ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసిపెట్టాడు, కోర్టు కేసుల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ అది. ఆ తర్వాత మూడు ఫోన్లు మార్చాను, యాప్ మాత్రం అలాగే ఉంది. సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబరు) ఎక్కడ కొట్టాలి, తర్వాతి వాయిదా ఎక్కడ కనిపిస్తుంది లాంటివి ఇక్కడ రాయను. ఇంట్లో ఒక్క దావా ఉన్నా అవన్నీ తెలిసే ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది కేసు హిస్టరీలోని పాత వాయిదా తేదీల గురించి. ఆ తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో ఒకటి రెండు లైన్లు వస్తాయి. దాన్ని 'బిజినెస్' అంటారు. ఇన్నేళ్లు ఈ యాప్‌ను ఉంచుకున్నది ఆ రెండు లైన్ల కోసమే.

నాన్న 2016లో గట్టు తగాదా మీద ఇంజంక్షన్ దావా, అంటే అవతలివాళ్లని ఆపమని అడిగే దావా, వేశాడు. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. "ఏమైంది నాన్నా?" అంటే "వాయిదా పడ్డది" అనేవాడు. "ఎందుకు?" అంటే "ఏమో, వకీలు సారు తారీకు రాసిచ్చిండు" అని చీటీ చూపించేవాడు. రెండేళ్ల పాటు మా ఇంట్లో ఆ కేసు గురించి జరిగిన చర్చ అంతే.

యాప్ వచ్చిన కొత్తలో ఒకరోజు బిజినెస్ తెరిస్తే, 'పీడబ్ల్యూ 1 పిలవగా హాజరు కాలేదు' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక లైను. పీడబ్ల్యూ 1 అంటే మొదటి వాది సాక్షి, అంటే నాన్నే. ఆ రోజు ఆయన పొద్దున పదింటి నుంచి కోర్టులోనే ఉన్నాడు! ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఎండకి ఆగలేక బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు, అటెండరు పిలిచిన పిలుపు అక్కడిదాకా వినపడలేదు. ఆయన హాలు దగ్గరికి వచ్చేసరికి వాయిదా వేసేశారు. అంతకుముందు ఇలా ఎన్నిసార్లు జరిగిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాతి వాయిదా నుంచి నాన్న తలుపు పక్కన బెంచీ వదల్లేదు, సాక్ష్యం కూడా నడిచింది. హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని నేను ఆ లైను చదవకపోతే ఇంకో ఏడాది ఆ చెట్టు కిందే గడిచేది. అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ ఈ యాప్ వేసుకొమ్మని చెప్పాను.

ఇప్పుడూ చెబుతాను, కాస్త తగ్గించి. ఆ లైను కోర్టు సిబ్బంది ఎక్కించాలి. ఎక్కించిన రోజు ఉంటుంది, పని ఒత్తిడి ఉన్న రోజు ఉత్తి తర్వాతి తేదీ మాత్రమే ఉంటుంది. 2022 జూన్ 2న తెలంగాణలో జ్యుడీషియల్ జిల్లాలు, అంటే కోర్టుల లెక్కన జిల్లాలు, 33 అయినప్పుడు నేను పాత ఉమ్మడి జిల్లాలోనే వెతుకుతూ కేసు మాయమైందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. పేరుతో వెతకడం ఇంకో తంటా. నాన్న పేరులో వెంకటేశ్వర్లు ఉంది. ఇంగ్లీషులో ఎస్ తర్వాత హెచ్ ఉందా, డబ్ల్యూ ఉందా, వీ ఉందా అన్నది దావా వేసిన రోజు టైపు చేసినవాడికే తెలుసు. అందుకే పూర్తి పేరు కొట్టను. ముందు నాలుగైదు అక్షరాలు, సంవత్సరం, పెండింగు (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ. జాబితా చాంతాడంత వస్తుంది కానీ అందులో మనవాళ్లు దొరుకుతారు.

అసలు దెబ్బ 2024 జూలై 3న తగిలింది. మధ్యాహ్నం యాప్ తెరిస్తే 'కేస్ డిస్పోజ్డ్', కింద 'కంటెస్టెడ్, డిస్మిస్డ్'. ఎనిమిదేళ్ల దావా కొట్టేశారు. సాయంత్రం నాన్న ఫోన్ చేసి, "వకీలు గుమాస్తా తీర్పు నకలుకు పెడదామంటున్నడు, ఖర్చులకు పైసలు అడుగుతున్నడు" అన్నాడు. నేను మహా తెలిసినవాడిలా, "ఊరికే డబ్బులెందుకు నాన్నా, తీర్పు ఫోన్‌లోనే పెడతారు. చదివాక అప్పీలు సంగతి చూద్దాం" అన్నాను. నా మాట మీద నాన్న ఆగిపోయాడు.

రోజూ చూశాను. తీర్పు పీడీఎఫ్ 19న వచ్చింది. వెంటనే వకీలు సారుకి వాట్సాప్‌లో పంపితే ఆయన అడిగిన మొదటి మాట, "నకలుకు పెట్టారా?"

"పీడీఎఫ్ ఉంది కదా సార్."

"అది చదువుకోవడానికి. అప్పీలుకు కోర్టు ముద్ర ఉన్న నకలు కావాలి. జిల్లా కోర్టుకి 30 రోజులే, 3వ తేదీ నుంచే లెక్క."

హైకోర్టుకి వెళ్లే అప్పీలైతే 90 రోజులు ఉండేవట. మాది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, జిల్లా కోర్టుకే వెళ్లాలి. పీడీఎఫ్ వచ్చిన రోజు నుంచి గడువు మొదలవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

22న సోమవారం సెలవు పెట్టి వెళ్లాను. కాపీ సెక్షన్ అంటే ఇరుకు గది, గుడ్డలో కట్టిన కట్టలు పైకప్పు దాకా, కిటికీ దగ్గర ఒక టేబులు. గుమాస్తా దరఖాస్తు రాసి తీర్పు, డిక్రీ (తీర్పును బట్టి కోర్టు విడిగా తయారుచేసే ఉత్తర్వు) రెండింటికీ నకలు అడిగాడు. రాస్తూనే నా మొహం చూసి, "ఏం కాదు తమ్మీ, ఈ రోజు నుంచి గడియారం ఆగుతది" అన్నాడు. కోర్టు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నకలు తీయడానికి కోర్టుకు పట్టిన రోజులు అప్పీలు గడువులోంచి తీసేస్తారట. అయితే దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. దానికి ముందు డిక్రీ తయారుచేయడానికి కోర్టు ఎన్ని రోజులు తీసుకున్నా అవి మన ఖాతాలోనే. అంటే 4 నుంచి 21 దాకా 18 రోజులు పీడీఎఫ్ కోసం ఎదురుచూస్తూ నేనే తగలేశాను.

అక్కడితో అయిపోలేదు. ఎన్ని పేజీలో లెక్కవేసి, ఛార్జీలు కట్టాల్సినవాళ్ల నంబర్లు బయట బోర్డుకి అంటిస్తారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. మా కోర్టులో ఆ జాబితా గోడ మీదే ఉంటుంది, ఫోన్‌లో కనపడదు. మా నంబరు 26న పడింది, గుమాస్తా చూసి చెబితే 29న కట్టించాం. ఆగస్టు 7న తయారైంది, 8న నాన్న వెళ్లి తెచ్చుకున్నాడు.

ఆ నకలు చివరి పేజీ వెనక ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. దరఖాస్తు పెట్టింది, ఛార్జీలు అడిగింది, కట్టింది, నకలు తయారైంది, చేతికిచ్చింది అని ఐదు వరుసలు, పక్కన నీలం ఇంకుతో చేత్తో రాసిన తేదీలు. నేను ఆ ముద్రను ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి ఎన్నిసార్లు లెక్కపెట్టానో. 22 జూలై నుంచి 7 ఆగస్టు దాకా 17 రోజులు తీసేస్తే, ఆగస్టు 2న ముగియాల్సిన గడువు 19 దాకా జరిగింది. 13న అప్పీలు పడింది. ఏడేళ్లుగా నేను మెచ్చుకున్న యాప్‌లో లేనిదీ, మమ్మల్ని గట్టెక్కించిందీ ఆ వంకర టింకర ముద్రే. నాన్న చెప్పినట్టు 3నే దరఖాస్తు పెట్టి ఉంటే ఇంత లెక్కల గొడవే ఉండేది కాదు. ఆయన ఇంతవరకు ఆ మాట అనలేదు.

నకలు కోసం తిరుగుతుంటే మధ్యలో మా బావ ఒక సలహా ఇచ్చాడు, "ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పడేయ్, పది రూపాయల్లో పని." పని కాదు. కోర్టు కాగితాల నకళ్లు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలి, ఆర్టీఐ కింద కాదని సుప్రీంకోర్టు 2020లోనే గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది.

తర్వాత ఈ యాప్‌ను ఇంకో పనికి వాడాను. 2025లో ప్లాట్ చూస్తున్నప్పుడు అమ్మేవాయన పేరు మీద దావాలు ఏమైనా ఉన్నాయా అని వెతికాను. అదే పేరుతో చాలామంది తగిలారు. తండ్రి పేరు, ఊరు పోల్చుకుంటే ఒక దావా ఆ సర్వే నంబరుదే అనిపించింది. దావా ప్రతి చూద్దామంటే నేను ఆ కేసులో లేను. మూడో మనిషి నకలు అడగాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి, జడ్జి గారి అనుమతి తీసుకోవాలి. అంత ఓపిక లేక ఆ ప్లాటే వదిలేశాను. యాప్ వల్ల మంచి జరిగిందో, మంచి ప్లాటు పోయిందో నాకిప్పటికీ తెలియదు.

కాబట్టి నా మాటను చూసి తీసుకోండి. నాకు ఊళ్లో నాన్న ఉన్నాడు, కోర్టు గోడ చూసి ఫోన్ చేసే గుమాస్తా ఉన్నాడు. వాళ్లు ఉండగా ఈ యాప్ నాకు బాగా పనికొచ్చింది. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి, ఇక్కడ ఎవరూ లేకుండా దీని మీదే ఆధారపడేవాళ్లకి ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఫోన్ మార్చేముందు మాత్రం సేవ్ చేసుకున్న కేసుల జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. రెండో ఫోన్‌కి మారినప్పుడు నేను చేయలేదు, అన్నీ మళ్లీ కూర్చుని ఎక్కించుకున్నాను.