ఎర్రగోడ, ఆకుపచ్చ వెలుగు: ‘వర్టిగో’ 4కె డిస్క్‌పై సమీక్ష

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వర్టిగో’ను ఇంట్లో చూసేందుకు దొరికే రూపాల్లో 2020లో వచ్చిన 4కె (బ్లూరేకు నాలుగింతల చుక్కలతో బొమ్మ చూపే) డిస్క్‌దే మొదటి స్థానమని, కొన్నేళ్లుగా దాన్ని మళ్లీమళ్లీ చూసిన మీదట, నిస్సంకోచంగా చెప్పగలను. అయితే ఆ మాట బొమ్మకు వర్తించినంతగా ధ్వనికి వర్తించదు. డిస్క్ కొన్న వారంలోనే రాసే సమీక్షల్లో సాధారణంగా స్పష్టత గురించిన పొగడ్త ఎక్కువగా ఉంటుంది. జుట్టు పోగులు కనిపిస్తున్నాయని, కోటు నేత కనిపిస్తోందని మురిసిపోతాం. ఈ సినిమాకు ఆ కొలమానం చాలదు. ఇందులో రంగు కథలో ఒక పాత్ర. ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగులు ఎప్పుడు ఎవరి చుట్టూ కనిపిస్తాయన్నదాన్ని బట్టే ప్రేక్షకుడు కథానాయకుడి మనసులోకి వెళతాడు. అందువల్ల ఆ రంగులను సరిగ్గా చూపని డిస్క్ ఎంత స్పష్టంగా ఉన్నా ఈ సినిమాకు పనికిరాదు.

స్పష్టత ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా చెప్పుకోవాలి. ‘వర్టిగో’ను పారమౌంట్ వారి విస్టావిజన్ పద్ధతిలో తీశారు. మామూలు 35 ఎంఎం కెమెరాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తూ ఒక్కో ఫ్రేముకు ఫిల్మ్ అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తును వాడుకుంటుంది. విస్టావిజన్‌లో అదే ఫిల్మ్ అడ్డంగా నడుస్తూ ఎనిమిది రంధ్రాల వెడల్పును వాడుకుంటుంది. ఫ్రేము వైశాల్యం రెండింతలు దాటుతుంది కాబట్టి ఫిల్మ్ రేణువు (బొమ్మ మీద కనిపించే గరుకుదనం) సన్నగా కనిపిస్తుంది. రాబర్ట్ బర్క్స్ ఛాయాగ్రహణంలోని వివరాలన్నీ అంత పెద్ద నెగటివ్‌లో నిక్షిప్తమై ఉన్నందువల్లనే, నా 65 అంగుళాల ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తాను వెలిగే) టీవీకి బాగా దగ్గరగా కూర్చున్నా బొమ్మ పలచబడినట్టు అనిపించదు. ఆ రోజుల్లో మామూలు నెగటివ్ మీద తీసిన సినిమాలకు 4కె వల్ల ఇంత తేడా రాదు.

నెగటివ్ పెద్దదే అయినా అది క్షేమంగా లేకపోవడమే అసలు సమస్య. 1958లో థియేటర్లకు వెళ్లిన టెక్నికలర్ ప్రింట్లలో రంగులను అద్దకం పద్ధతిలో వేసేవారు, అవి త్వరగా వెలిసిపోవు. నెగటివ్ మాత్రం ఈస్ట్‌మన్‌కలర్ అనే మరో రకం రంగు ఫిల్మ్. దాని రంగుపొరలు కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కటీ ఒక్కో తీరున క్షీణిస్తాయి. దానికి తోడు ఈ సినిమా హిచ్‌కాక్ ఆధీనంలో ఉన్న అయిదు చిత్రాల్లో ఒకటిగా చాలాకాలం ప్రదర్శనకు దూరంగా ఉండి, ఆయన మరణించిన కొన్నేళ్లకు, 1980లలో మళ్లీ జనం ముందుకు వచ్చింది. 1996లో రాబర్ట్ హ్యారిస్, జేమ్స్ కాట్జ్ దీన్ని పునరుద్ధరించి 70 ఎంఎం ప్రింట్లుగా తెచ్చేటప్పటికి ఏ రంగు ఎలా ఉండేదో ఊహించుకోవలసిన స్థితి ఏర్పడింది. వాళ్లు ఊహతో సరిపెట్టుకోకుండా, సినిమాలో నాయిక కిమ్ నోవాక్ నడిపే ఆకుపచ్చ జాగ్వార్ కారుకు ఆ కాలంలో వాడిన పెయింటు నమూనాను తెప్పించుకుని దానితో తెర మీది రంగును సరిచూశారు. ఒక వస్తువు రంగు కచ్చితంగా తెలిస్తే, అదే షాట్‌లోని ముఖం, ఆకాశం, రోడ్డు కూడా దారిలోకి వస్తాయి.

నేను ఏ డిస్క్ వేసినా ముందుగా చూసేది బూడిద రంగును. ఈడిత్ హెడ్ రూపొందించిన, నోవాక్ వేసుకునే బూడిద రంగు సూటు ఈ సినిమాలో ముఖ్యమైన ఆధారం కావడం, ఇలా పరిశీలించేవాడికి ఒక వరం. ఎరుపు కాస్త ఎక్కువైనా కంటికి తెలియకపోవచ్చు గానీ, బూడిద రంగులో ఏ చిన్న ఛాయ కలిసినా వెంటనే పట్టుబడుతుంది. నా దగ్గరున్న పాత బ్లూరేలో కథానాయకుడు జేమ్స్ స్టీవర్ట్ గోధుమరంగు కోటు కొన్ని షాట్లలో వంకాయరంగు వైపు జారేది, ఆ షాట్లలో బూడిద సూటు కూడా చల్లటి నీలంలోకి ఒరిగేది. 4కె డిస్క్‌లో కోటు కోటులాగే ఉంది. సూటు ఎండలో ఒక తీరుగా, చర్చి నీడలో మరో తీరుగా కనిపిస్తుంది కానీ రెండుచోట్లా బూడిద రంగుగానే నిలుస్తుంది. ఈ ఒక్క కారణానికే పాత డిస్క్‌ను పక్కన పెట్టేశాను.

ఎర్నీస్ రెస్టారెంట్ సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో నిజంగానే ఉండిన ఆ రెస్టారెంట్‌ను స్టూడియోలో సెట్‌గా కట్టి, గోడలకు ముదురు ఎరుపు వెల్వెట్ కాగితం అతికించారు. నల్లని దుస్తుల మీద ఆకుపచ్చ శాటిన్ వస్త్రం కప్పుకున్న నోవాక్ నడిచి వచ్చి, పక్కమొహం కెమెరాకు దగ్గరగా పెట్టి క్షణకాలం ఆగుతుంది. ఆ క్షణంలో ఆమె వెనక గోడ మీద వెలుగు పెరిగి, ఎరుపు మండినట్టయి, తిరిగి తగ్గుతుంది. కారణం లేని ఆ వెలుగు, చూస్తున్నవాడి గుండెలో జరిగేది గోడ మీద కనిపించినట్టుగా ఉంటుంది. మామూలు బ్లూరేలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి కాబట్టి ఈ పెరుగుదల ఒక్కసారిగా జరిగినట్టనిపించి, గోడ మీది పూలనమూనా ఎరుపులో కలిసిపోయేది. 4కె డిస్క్‌లో 1024 మెట్లు ఉండటంతో వెలుగు పాకడం తెలుస్తుంది. మంట పతాకస్థాయిలో ఉన్నప్పుడు కూడా కాగితం మీది నమూనా విడిగా కనిపిస్తూనే ఉంటుంది. స్ట్రీమింగ్‌లో ఇదే సన్నివేశాన్ని చూస్తే గోడ మూలల్లో గళ్లు లేస్తాయి. సెకనుకు సుమారు ఇరవై మెగాబిట్లతో వచ్చే ప్రసారానికి, దానికి మూడు నాలుగు రెట్లు డేటా ఇచ్చే డిస్క్‌కు మధ్య తేడా ముఖాల్లో కంటే ఇలాంటి ముదురు రంగు గోడల్లో బయటపడుతుంది.

రెండో పరీక్ష హోటల్ గది. కిటికీ బయట ఆకుపచ్చ నియాన్ బోర్డు వెలుగుతుంది, గదిలో నోవాక్ ఆ వెలుగులోంచి మంచు కమ్మినట్టున్న రూపంతో నడిచి వస్తుంది. అంతకు ముందు మిషన్ డొలోరెస్ శ్మశానంలోనూ ఇలాంటి మెత్తదనమే ఉంటుంది. అక్కడ ఛాయాగ్రాహకుడు లెన్సు ముందు మంచు ఫిల్టర్ పెట్టి తీశాడు. ఈ సన్నివేశాలు మసకగా ఉన్నాయని ఫిర్యాదు చేసేవారిని చాలామందిని చూశాను. ఆ మసక దర్శకుడిది. దాన్ని గీతలు గీసినట్టు పదును చేసి ఉంటే ఈ డిస్క్‌ను నేను తిరిగి ఇచ్చేసేవాణ్ణి. పదును పెంచకుండా ఆకుపచ్చ వెలుగును మాత్రం గది గాలిలో తేలనిచ్చారు. హెచ్‌డిఆర్‌ను (వెలుగునీడల మధ్య తేడాను పెంచి చూపే పద్ధతిని) వాడిన తీరు కూడా మెచ్చుకోదగినది. థియేటర్ తెర మీద తెలుపు వెలుగు సుమారు 48 నిట్‌లకు (నిట్ అంటే వెలుగు కొలత) మించదు, ఇంటి టీవీలు వెయ్యి నిట్‌లు కూడా ఇవ్వగలవు. ఆ శక్తి ఉంది కదా అని నియాన్ బోర్డును కళ్లు మిరుమిట్లు గొలిపేలా పెంచి ఉంటే, అది 1958 నాటి సినిమా కాకుండా నిన్నటి వ్యాపార ప్రకటనలా కనిపించేది. ఇక్కడ కార్ల హెడ్‌లైట్లు, కిటికీ అంచులు, నెక్లెస్ రాళ్లు మాత్రమే కొద్దిగా పైకి లేస్తాయి.

ఇవన్నీ కనిపించాలంటే టీవీని ముందు దారిలో పెట్టాలి. దుకాణంలో పెట్టి పంపిన ‘వివిడ్’ మోడ్‌లో ఎర్నీస్ గోడ టమాటా రంగులోకి పోతుంది. కదలికలను నున్నగా చేసే సౌకర్యాన్ని, ‘నాయిస్ రిడక్షన్’ను పూర్తిగా ఆపేసి, ఫిల్మ్‌మేకర్ మోడ్‌లో పెట్టి, గదిలో దీపాలు తగ్గించి చూడాలి. నాయిస్ రిడక్షన్ ఉంచితే ఫిల్మ్ రేణువుతో పాటు ముఖం మీది చర్మపు వివరం కూడా తుడుచుకుపోయి నటీనటులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. రేణువును మచ్చగా భావించే అలవాటు మనకు టీవీ ప్రసారాల నుంచి వచ్చింది, దాన్ని వదిలించుకోకుండా పాత సినిమా డిస్క్‌లు కొనడంలో అర్థం లేదు.

బొమ్మలో లోపాలు లేవని కాదు. ఒక దృశ్యం మరో దృశ్యంలోకి కరిగే చోటల్లా బొమ్మ ఒక్కసారిగా గరుకుదేరుతుంది, ఎందుకంటే ఆ కాలంలో అలాంటి మార్పులను నెగటివ్‌కు నకలు తీసి ఆ నకలులో చేసేవారు. కరగడం పూర్తయి కొత్త షాట్ మొదలయ్యే కోత దగ్గర స్పష్టత మళ్లీ తిరిగి వస్తుంది; కన్ను ఒకసారి దీన్ని పసిగట్టిందంటే తర్వాత ప్రతిసారీ తెలుస్తుంది. కారులో వెళ్లే సన్నివేశాల్లో వెనక తెర మీద వేసిన వీధుల రంగు ముందున్న స్టీవర్ట్ రంగుతో కలవదు. సాన్ వాన్ బౌతీస్తా మిషన్‌లోని గంట గోపురం అసలు అక్కడ లేదు, చిత్రించి అతికించినది. 4కెలో దాని అంచు ఇంకా తేలిగ్గా దొరికిపోతుంది. మెట్ల లోపలి లోతు సాగిపోయే ఆ ప్రసిద్ధమైన షాట్‌ను నమూనా మెట్లను పడుకోబెట్టి తీశారు, అదీ కొంచెం పరికించి చూస్తే తెలుస్తుంది. వీటిలో ఏదీ డిస్క్ తప్పు కాదు. కంప్యూటర్‌తో గోపురం అంచును మెరుగుపరచకుండా వదిలేసినందుకు నాకు సంతోషమే.

ఇక ధ్వని. పునరుద్ధరణ సమయానికి బెర్నార్డ్ హెర్మన్ సంగీతపు అసలు రికార్డింగులు దొరికాయి. అమెరికాలో సంగీత కళాకారుల సమ్మె కారణంగా మ్యూర్ మాథీసన్ నిర్వహణలో యూరప్‌లో రికార్డు చేసిన ఆ సంగీతం, బహుళ ఛానళ్ల ట్రాక్‌లో గది నిండా విచ్చుకుంటుంది. హోటల్ గది సన్నివేశంలో తంత్రీవాద్యాలు ఉప్పొంగే తీరు వింటే దీన్ని వదులుకోవడం కష్టమే. కానీ అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు, తుపాకీ పేలుళ్లు వంటివాటి అసలు ట్రాక్‌లు లేకపోవడంతో 1996లో వాటిని కొత్తగా చేశారు. మొదటి సన్నివేశంలో ఇళ్ల కప్పుల మీద తరుముతూ పోలీసు కాల్చే తూటాలు వింటే తేడా చెవికి గుచ్చుకుంటుంది. సంభాషణలు 1958 గొంతుతో, కొద్దిగా ఇరుకుగా వినిపిస్తుంటే, పేలుళ్లు ఈ కాలపు బరువుతో వచ్చి పడతాయి. స్టీవర్ట్ నోవాక్ వెంట కారులో తిరిగే దీర్ఘమైన, మాటల్లేని భాగంలోనూ అడుగుల చప్పుళ్లు అవసరానికి మించి దగ్గరగా వినిపిస్తాయి. అప్పట్లోనే విమర్శకులు దీనిపై అభ్యంతరం చెప్పారు, వారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

తెలుగువారికి ఈ చర్చ కొత్తేమీ కాదు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, ధ్వనిని బహుళ ఛానళ్లలోకి మార్చి విడుదల చేసినప్పుడు, పిల్లలతో కలిసి థియేటర్‌లో చూసినందుకు సంతోషించినవారు ఉన్నారు, నలుపు తెలుపు ప్రింటే మాకు ‘మాయాబజార్’ అన్నవారూ ఉన్నారు. నేను రెండో గుంపువాణ్ణి. ‘వర్టిగో’ విషయంలో ఊరట ఏమిటంటే ఈ డిస్క్‌లో పాత మోనో (ఒకే ఛానల్) ట్రాక్ కూడా ఉంది. అందులో సన్నటి ‘హిస్’ (బుసలాంటి చప్పుడు) ఉంది, సంగీతం పిడికిలి బిగించినట్టు కుంచించుకుపోతుంది. అయినా సంభాషణ, సంగీతం, చప్పుడు మూడూ ఒకే కాలానికి, ఒకే గదికి చెందినట్టు వినిపిస్తాయి. డిస్క్ వేయగానే బహుళ ఛానళ్ల ట్రాకే మొదలవుతుంది కాబట్టి మెనూలోకి వెళ్లి మోనోను ఎంచుకోవలసి ఉంటుంది. మొదటిసారి చూసేవారికి మోనోనే సిఫారసు చేస్తాను, సంగీతం కోసమే మళ్లీ చూసేవారు బహుళ ఛానళ్లది పెట్టుకోవచ్చు.

అదనపు అంశాల్లో పునరుద్ధరణపై తీసిన డాక్యుమెంటరీ తప్పక చూడదగినది. విదేశీ సెన్సారు కోసం తీసిన మరో ముగింపు కూడా ఉంది గానీ, సినిమా పూర్తయిన వెంటనే దాన్ని చూడకండి, అసలు ముగింపు దెబ్బ పలచబడుతుంది. తెలుగు ఉపశీర్షికలు లేవు, ఇంగ్లీషువి ఉన్నాయి. 4కె డిస్క్‌లకు ప్రాంతీయ తాళం ఉండదు కాబట్టి అమెరికా నుంచి బంధువులు తెచ్చినా ఇక్కడి 4కె ప్లేయర్‌లో ఆడుతుంది. హైదరాబాద్‌కు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, పార్శిల్ ఖర్చు కలిసి డిస్క్ ధరను దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 50 అంగుళాల లోపు ఎల్‌ఈడీ టీవీ ఉన్నవారికి, ముఖ్యంగా హెచ్‌డిఆర్ సరిగ్గా చూపలేని చవక టీవీలవారికి, ఈ ఖర్చు దండగ. అలాంటి తెర మీద బ్లూరే డిస్క్‌కు, దీనికి పెద్ద తేడా తెలియదు. ఓలెడ్ టీవీయో మంచి ప్రొజెక్టరో ఉన్నవారు మాత్రం స్ట్రీమింగ్‌తో సరిపెట్టుకోకుండా ఈ డిస్క్‌నే కొనుక్కోవాలి.