ఏడేళ్లుగా నా దగ్గరున్న 1972 కార్వెట్

మేం ఉండేది అమెరికాలో డల్లాస్ దగ్గర. ఏడేళ్ల క్రితం, పూర్తిగా రీస్టోర్ చేశామన్న (పాత కారును మళ్లీ కొత్తదానిలా బాగుచేశామన్న) అమ్మకం ప్రకటన చూసి ఈ ఎర్ర స్టింగ్‌రే కూపే కొన్నాను. కార్వెట్ అంటే షెవ్రొలే కంపెనీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, స్టింగ్‌రే అప్పటి దాని పేరు. 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్. ముందూ వెనకా క్రోమ్ బంపర్లతో వచ్చిన చివరి కార్వెట్ 1972దే, 73లో ముందు బంపర్ మారిపోయింది. అందుకే ఆ ఏడాది కారే కావాలని ఏడాదిన్నర వెతికాను.

కాగితం మీద 200 హార్స్‌పవర్ అని చూసి చాలామంది పెదవి విరుస్తారు. 1971లో ఇదే ఇంజిన్‌కి 270 అని రాశారు. తేడా వచ్చింది కొలిచే పద్ధతి మారడం వల్ల. రెండో గేర్‌లో గట్టిగా తొక్కితే కార్బురేటర్‌లో వెనక రెండు బ్యారెళ్లు (గాలి, పెట్రోలు వెళ్లే దారులు) తెరుచుకుని లోతుగా ఒక గర్జన వస్తుంది. అది విన్న ప్రతిసారీ ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక బాధపెట్టిన విషయం. కొన్న రెండో ఏడు వానలో వెళ్తుంటే పక్క సీట్లో ఉన్న మా ఆవిడ పాదాల మీద నీళ్లు పడ్డాయి. ఫైబర్‌గ్లాస్ బాడీకి తుప్పు పట్టదు, నిజమే. కానీ దాని కింద ముందు అద్దం చుట్టూ, తలుపుల దగ్గర ఉన్న చట్రం ఉక్కుది. అద్దం తీయించి చూస్తే తుప్పు తిన్న చోటల్లా పుట్టీ కూరి, పైన రంగు వేసేశారు. చాలా కోపం వచ్చింది. ఆ చట్రం కోసి, కొత్త ఉక్కు వెల్డింగ్ చేయించడానికి నాలుగు నెలలు పట్టింది.

అదే ఏడాది బ్రేక్ పెడల్ మెత్తబడింది. కారు ఎక్కువ కాలం కదలకుండా ఉంటే కాలిపర్ల (చక్రాల దగ్గర బ్రేక్ ప్యాడ్‌లను నొక్కే భాగాలు) లోపల తుప్పు పట్టి సీళ్లు పోవడం ఈ కార్లకు మామూలే. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు (తొడుగులు) వేసిన కాలిపర్లు తెప్పించి నాలుగూ మార్పించాను. మళ్లీ ఆ టెన్షన్ లేదు.

హెడ్‌లైట్లు లోపల దాగి ఉండి, వేసినప్పుడు వాక్యూమ్‌తో పైకి లేస్తాయి. ఎక్కడో ఒక గొట్టం లీకైతే ఒక కన్నే తెరుస్తుంది. ఎండాకాలంలో ఇంజిన్ వేడి కాళ్లకు తగులుతుంది. డిక్కీకి బయట మూత లేదు, సామాను సీట్ల మీదుగా వెనక్కి దించాలి. ఇవన్నీ అలవాటైపోయాయి.

ఇలాంటి కారు చూడటానికి వెళ్తే రంగు మెరుపు తర్వాత చూడండి. పాదాల పక్కనున్న ప్లాస్టిక్ ప్యానెళ్లు విప్పించి టార్చి వేయండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే నేనైతే అక్కడితో వెనక్కి వచ్చేస్తాను. ఇంజిన్ అసలుదేనని చెబితే, కుడివైపు సిలిండర్ హెడ్ ముందు బ్లాక్ మీద కొట్టిన అంకెలు కారు ఛాసిస్ నంబరు (VIN) చివరి అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడండి. నా కారు చట్రం కోసినప్పటి ఫోటోలు అన్నీ దాచాను. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ముందు అవే చూపిస్తాను.