ఫోన్‌లో కొలిచి చేయించిన వీణ: రెండేళ్ల తర్వాత

పాపకు వీణ చేయించి రెండేళ్లు దాటింది. పనస చెక్క, ఏకాండం (ఒకే దుంగలో తొలిచింది), 24 మెట్లు (తీగల కింద వరసగా ఉండే లోహపు కమ్ములు), అవన్నీ తెలిసినవే. నేను చెప్పేది ఆర్డర్ పెట్టేముందు ఫోన్ కెమెరాలో వీణను మన హాల్లో పెట్టి చూపించే ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) గురించి. నల్లగొండలో ఒళ్లో పెట్టుకుని చూసి కొనే షాపు మాకు దొరకలేదు. అందుకే దాన్ని నమ్ముకున్నాం.

మొదటిరోజే మోసపోయేవాళ్లం. మా ఇంట్లో నేలంతా తెల్లటి నున్నటి టైల్స్. వీణ జానెడు ఎత్తున తేలుతూ, ఫోన్ కదిపితే గోడవైపు జారిపోయేది. ఎలాగో నిలబెట్టి పాపను వెనక కూర్చోబెడితే పెద్ద సైజే సరిపోయినట్టు కనిపించింది. డబ్బులు కట్టబోతుంటే మా ఆవిడ "టైల్ రెండడుగులు కదా, నాలుగున్నర అడుగుల వీణ రెండు టైల్స్ కూడా దాటలేదేంది?" అన్నది. నిజమే! గీతా మచ్చా లేని నేల మీద కెమెరాకు ఆనవాలు దొరకదు, దూరం లెక్క తప్పుతుంది. బీరువాలోంచి పోచంపల్లి ఇక్కత్ దుప్పటి తీసి పరిచి, లైటు వేశాం. వీణ కదలకుండా కూర్చుంది, టైల్స్ లెక్కా కుదిరింది. ఇప్పుడు చూస్తే పాప ఎడమ చెయ్యి మొదటి మెట్టుకు అందనే లేదు. చెయ్యి బొమ్మ వెనక మాయమవుతుంటే పెన్సిల్ నిలువుగా పట్టుకోమని, పైకి కనిపించే కొనను బట్టి ఎంతవరకు అందుతుందో చూశాం.

చిన్న సైజు చేయించాం. వచ్చాక చూస్తే వేలెడు తేడా లేదు. రంగు కాస్త ముదురు, పర్లేదు.

కానీ ఫోన్‌లో వీణకు పెట్టె ఉండదు. బీరువా మీద పడుతుందనుకున్నది పెట్టెతో పట్టక దివాన్ కిందికి పోయింది. మొదటి మే నెలలోనే మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి నాలుగు మెట్లు జరిగాయి. చేసినవాళ్లకు ఫోన్ చేస్తే, ఎండలెక్కువ ఉండే ఊరని ముందే చెప్పాల్సిందన్నారు. అడ్రస్‌లో నల్లగొండ అని రాసే ఉంది కదండీ! చివరికి హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపించి అమర్చించాం.

నాదం బాగానే ఉంది, అందులో ఏఆర్ గొప్ప ఏమీ లేదు. హైదరాబాద్ పోయి చూడగలిగేవాళ్లు పోవడమే మేలు. మాలాగా వీలుకానివాళ్లకు, పిల్లల సైజు తేల్చుకోవడానికైతే పనికొస్తుంది. అదీ ఆ రోజు చేతికే. మొన్న టీచరమ్మ అప్పుడే పెద్ద వీణ చూడమన్నది.