షోలాపూర్ పోయిన ముత్తాత జాడ: పటం కథ మేలా, పహాణీ మేలా, పట్నం రిజిస్టర్ మేలా?

మా ఇంట్లో ముత్తాత గురించి మిగిలింది రెండే మాటలు. "మన ఊర్ల నుంచి షోలాపూర్‌కు ముందు పోయింది ఆయనే." "అంతా అమ్ముకొని పోయిండు." మా ఊరు నల్లగొండ జిల్లా చండూరు పక్కన. ఇవాళ మా సాలోళ్ల (నేత పని చేసే పద్మశాలీల) వాడలో షోలాపూర్‌లోనో, భీవండిలోనో, సూరత్‌లోనో చుట్టం లేని ఇల్లు లేదు. ఆ దారి ముందు తొక్కిన మనిషి ఎప్పుడు పోయాడు, నిజంగానే అన్నీ అమ్మేశాడా అని మూడేళ్లుగా వెతుకుతున్నాను. ఇలా వెతికేవాళ్లకు మా వైపు మూడు దారులున్నాయి. మూడూ తిరిగాను కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో చెప్పగలను.

అందరూ ముందు చెప్పేది పటం కథ వాళ్ల గురించే. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, సాధనాశూరులు ఆశ్రిత కులాలు. కూనపులి వాళ్లు బట్ట మీద నకాషీ చిత్రకారులు గీసిన పటం విప్పి మన మూలపురుషుడు భావనారుషి కథ చెప్తారు, మన గోత్రం చెప్తారు, త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కానుక) తీసుకుంటారు. రెడ్లకు పిచ్చకుంట్ల వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు ఉన్నట్టే. ఏ ఊరు ఎవరి మిరాశో (కథ చెప్పుకునే హక్కు ఎవరిదో) రాసిన రాగిరేకులు కూడా కొందరి దగ్గర ఉంటాయి. వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది, అందులో అబద్ధం లేదు. మార్కండేయుడి నుంచి మొదలుపెట్టి నూటొక్క గోత్రాల గుండా మన గడప దాకా తీసుకొస్తారు.

అయితే ఆ గడప దగ్గరే నాకు చిక్కొచ్చింది. ఊళ్లో ఉండిపోయిన ముత్తాత తమ్ముడి పేరు చెప్పారు, ఆయన కొడుకుల పేర్లు చెప్పారు. ముత్తాత పేరు లేదు. అడిగితే ఆ పెద్దాయన నవ్వి, "ఇచ్చినోళ్ల పేరు పాటల ఉంటది బిడ్డా, పోయినోళ్ల పేరు ఎందుకుంటది?" అన్నాడు. నిజమే, త్యాగం ఇచ్చే చెయ్యే గుర్తుంటుంది. సంవత్సరాలైతే అసలే అడగకూడదు. గోత్రం, వంశం మూలం, ఊళ్లో నిలబడిన కొమ్మ కావాలంటే పటం కథకు సాటి లేదు. వలస పోయిన మనిషి కావాలంటే ఖాళీ చేతులతో రావాల్సిందే.

రెండో దారి భూమి కాగితాలు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది "మాకు భూమి ఏం ఉండె, మగ్గం నేసుకునేటోళ్లం" అని ఈ దారి వదిలేస్తారు. నేనూ వదిలేయబోయాను. 1954-55లో తెలంగాణలో ఊరూరా తయారైన ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు ఒకటుంది. అందులో సర్వే నంబరు పక్కన పట్టాదారు పేరు ఒక గడిలో, భూమి కబ్జాలో ఉన్నవాళ్ల పేరు ఇంకో గడిలో రాశారు. ఆ రెండు గడులే అసలు విషయం. ఆ తర్వాతి ఏళ్లది చెసాలా పహాణీ. ఇంకా వెనక్కి పోతే సర్వే అయినప్పటి సేత్వార్, వసూల్ బాకీ అనే భూమి రిజిస్టర్లు. నిజాం కాలపువి ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో (అప్పటి రెవెన్యూ లెక్క) ఉంటాయి. ఫసలీకి 590 కలుపుకోండి: 1340 ఫసలీ అంటే 1930-31. "ఖుష్కి" అంటే మెట్ట, "తరి" అంటే తడి భూమి, "వల్ద్" అంటే ఫలానా వాడి కొడుకు. ఈ మూడు మాటలు పట్టుకుంటే సగం పేజీ మీదే.

ఉర్దూలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి తెలుగు పేర్లు గుర్తు పట్టరానట్టు మారిపోతాయి. పైగా తాత పేరు మనవడికి పెట్టే అలవాటు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, మూడు తరాలు. అందుకే వట్టి పేరు చూసి ఎగరొద్దు, "వల్ద్" తర్వాత ఎవరి పేరుందో చూడండి.

నకలు కోసం మండల ఆఫీసుకు పోతే పాత పుస్తకం పాత జిల్లా కలెక్టరేట్‌లో ఉండొచ్చు అన్నారు. 2016లో నల్లగొండ మూడు జిల్లాలైంది. అటు పాలమూరు (మహబూబ్‌నగర్) కూడా ముక్కలై నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. కాగితాలు మనుషులంత తొందరగా విడిపోవు. నేను రెండు ఆఫీసుల మధ్య నాలుగు నెలలు తిరిగాను. చివరికి పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తే పని చేసింది. మీ ఊరు ఒకప్పుడు వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ లాంటి సంస్థానాల కిందో, ఏదైనా జాగీరు కిందో ఉంటే 1949కి ముందు కాగితాల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. జాగీర్లు రద్దయింది ఆ ఏడాదే.

నకలు చేతికొచ్చింది. రెండెకరాల పది గుంటల ఖుష్కి. పట్టాదారు గడిలో మా ముత్తాత, కబ్జా గడిలో ఆయన తమ్ముడు. "అంతా అమ్ముకొని పోయిండు" అన్న మాట అక్కడ విరిగిపోయింది. ఆయన అమ్మలేదు, తమ్ముడికి అప్పజెప్పి పోయాడు. తిరిగి రావాలనే పోయాడన్నమాట. ఇంత మాట ఏ పటమూ చెప్పదు.

ఈ దారికి ఇంకో ఖర్చు ఉంది, అది రూపాయల్లో ఉండదు. నేను పహాణీ తీశానని తెలిసి ఊళ్లో బాబాయి వాళ్లకు టెన్షన్ పట్టుకుంది. "డెబ్బయేండ్లకు భూమి మీద వడ్డడు" అని కబురు. భూమి రికార్డులు ఆన్‌లైన్‌లో పెట్టిన ధరణి వచ్చినప్పటి నుంచి, దాని స్థానంలో వచ్చిన భూభారతి దాకా, ఊళ్లో సర్వే నంబరు అడిగినోడు దొంగలాగే కనిపిస్తాడు. కాబట్టి ముందు ఇంటికి పోయి, చాయ తాగి, ఎందుకు వెతుకుతున్నామో చెప్పి ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. నేను తలకిందులుగా చేశాను.

ఇక మూడోది: పోయిన పట్నంలో కాగితాలు. మా మేనత్తను షోలాపూర్‌కే ఇచ్చారు కాబట్టి నాకు ఉండటానికి ఇల్లుంది. లేనివాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టమైన దారి. షోలాపూర్ నిజాం రాజ్యం కాదు, బొంబాయి ప్రెసిడెన్సీ. మొదటి బట్టల మిల్లు 1877లోనే వచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874 నుంచే ఉంది. మా వాళ్లు నల్లగొండ నుంచి భువనగిరి దాకా నడిచి రైలెక్కేవాళ్లట, నల్లగొండకు రైలు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది మరి. సాఖర్ పేట, భద్రావతి పేట లాంటి చోట్ల ఇప్పటికీ వాకిట్లో తెలుగే వినిపిస్తుంది.

మున్సిపాలిటీలో పాత పుట్టుకల రిజిస్టర్ వెతికించాలంటే సంవత్సరం చెప్పాలి. మా దగ్గర సంవత్సరం లేదు. మేనత్తకు గుర్తున్నది ఒకటే: "నాయన మార్షల్ లా ఏడు పుట్టిండట." షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టింది 1930 మే నెలలో, ఉప్పు సత్యాగ్రహం గొడవల్లో. ఆ గొడవల కేసులోనే నలుగురిని 1931 జనవరిలో ఎరవాడ జైల్లో ఉరి తీశారు. ఒక్క మాటతో ఏడాది దొరికింది. మీ ఇంట్లోనూ "రజాకార్ల గడబిడ అప్పుడు" అనో, "గత్తర (కలరా) వచ్చిన ఏడు" అనో ఒక మాట ఉండే ఉంటుంది, దాన్ని పారేయకండి.

రిజిస్టర్ పేజీ మోడీ లిపిలో (మరాఠీ పాత రాత) ఉంది, ఎక్కడా కలం ఎత్తని గొలుసు రాత. రిటైరైన మాస్టారు ఒకాయన చదివి పెట్టారు. తాత పుట్టిన తేదీ, పేట పేరు, తండ్రి గడిలో ముత్తాత పేరు, పక్కన ఆయన పని. మిల్లు కూలీ అని ఉంటుందనుకున్నాను. మగ్గం అని ఉంది. ఊళ్లో చేసిన పనే అక్కడా చేశాడు.

ఇప్పుడు ఏది మేలంటే, నా లెక్క ఇది. ఊళ్లోనే ఉండిపోయిన పెద్దలకైతే పహాణీతో మొదలుపెట్టండి, భూమి లేదనుకున్నా సరే. ఊరు దాటిన మనిషికైతే పోయిన చోటే ముందు వెతకండి. సొంతూరి కాగితం ఆయన వదిలేసి పోయినదాన్ని మాత్రమే చూపిస్తుంది. పటం కథను సాక్ష్యంగా కాదు, కథగా వినండి, త్యాగం మాత్రం ఎగ్గొట్టకండి. ఉమ్మి పంపితే వంశం చెప్తామనే డీఎన్ఏ పరీక్ష డబ్బాల మీద నేను పైసా పెట్టను, షోలాపూర్‌కు ఎందుకు పోయాడో ఉమ్మి చెప్పదు. జనగణన మీదా ఆశ వద్దు, అందులో మనుషుల పేర్లు బయటికివ్వరు. పాలమూరు నుంచి ప్రాజెక్టుల పనికి పోయిన కూలీల పిల్లలకైతే ఈ మూడు దారులూ మూసుకున్నట్టే, గుంపు మేస్త్రీ అడ్వాన్సు పుస్తకం ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే తప్ప.

ముత్తవ్వ పేరు మాత్రం మూడింటిలోనూ లేదు. పటంలో ఆడవాళ్లను చెప్పలేదు, పహాణీలో ఆమెకు గడి లేదు, మా రిజిస్టర్ పేజీలో తండ్రి పేరొక్కటే ఉంది. అలక తీరాక బాబాయి అటక మీద నుంచి ఒక ఇత్తడి చెంబు దించాడు. ముత్తవ్వ పెళ్లినాటిది, పోతూ ఇక్కడే వదిలిపోయిందట. దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. మొదట "న", చివర "మ్మ", నడుమ సొట్ట. బాబాయి నర్సమ్మ అంటాడు. మేనత్త ఫోన్‌లో, కాదు, నాగమ్మ అంటుంది.