నాలుగు రిసీవర్ల సోనిక్ ప్రోబ్: గట్టి రాతిలో భేష్, మెత్తటి నేలలో జాగ్రత్త

చిన్న వ్యాసపు బోర్లలో దించి, రాతిలో శబ్ద వేగాన్ని కొలిచే ఫుల్ వేవ్‌ఫామ్ సోనిక్ ప్రోబ్‌ను కొంటున్నా, అద్దెకు తెస్తున్నా ముందు ఒక్కటి అడగండి: తరంగాన్ని ముడిరూపంలో చేతికిస్తుందా? వేగాల గ్రాఫ్ ఒక్కటే ఇచ్చేదైతే అక్కడితో వదిలేయొచ్చు.

అమరిక సులువే. కింద ట్రాన్స్‌మిటర్, పైన 20 సెంటీమీటర్ల ఎడంతో నాలుగు రిసీవర్లు. శబ్దం బోరు నీటిలోంచి రాతిలోకి వంగి, గోడ వెంబడి పరుగెత్తి, మళ్లీ నీటిలోకొచ్చి రిసీవర్లను తాకుతుంది. రెండు రిసీవర్ల మధ్య పట్టిన సమయమే కొలత. నీటిలో గడిచిన భాగం తీసివేతలో పోతుంది. సెకనుకు 5,500 మీటర్ల వేగమున్న గ్రానైట్‌లో ఆ 20 సెంటీమీటర్లకు పట్టేది 36 మైక్రోసెకన్లే. శాంప్లింగ్ (సిగ్నల్‌ను నమోదు చేయడం) 4 మైక్రోసెకన్లకోసారి అయితే ఒక్క శాంపిల్ జరిగినా 11 శాతం తప్పు. మొదటి, నాలుగో రిసీవర్ల మధ్య లెక్కిస్తే 4 శాతానికి దిగుతుంది గానీ సన్నటి పొరలు కలిసిపోతాయి. అందుకే 2 మైక్రోసెకన్లు, అంతకన్నా తక్కువ విరామం ఉన్నదే మేలు.

తరంగం చేరిన క్షణాన్ని తనంతట తానే గుర్తించే ఆటో పికర్‌కు మాత్రం మార్కులు తక్కువ. పగులు దగ్గర మొదటి శిఖరం బలహీనపడితే అది తర్వాతి శిఖరాన్ని పట్టుకుంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చక్రం 50 మైక్రోసెకన్లు. ఆ ఒక్క జారుడుతో పై గ్రానైట్ సెకనుకు 2,300 మీటర్ల వేగమున్న రాయిలా కనబడుతుంది! గ్రాఫ్‌లో ఉన్నట్టుండి లేచిన ముల్లు కనబడితే ఆ లోతు దగ్గర తరంగాన్ని కంటితో చూసి చేత్తో దిద్దాల్సిందే.

ప్రోబ్‌ను బోరు మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు పైనొకటి, కిందొకటి తప్పనిసరి. ప్రోబ్ ఆరేడు మిల్లీమీటర్లు పక్కకు ఒరిగినా సిగ్నల్ దాదాపు సగానికి పడిపోతుంది. లాగింగ్ (కొలుస్తూ ప్రోబ్‌ను కదిలించడం) కింది నుంచి పైకి, నిమిషానికి 3, 4 మీటర్లకు మించకుండా చేయాలి. వేగం పెంచితే గోడకు రాసుకునే చప్పుడు కూడా రికార్డవుతుంది. బోరులో నీళ్లు లేని భాగంలో ఇది పనిచేయదు. గ్రౌటు (సిమెంటు ముద్ద) నింపని పీవీసీ పైపు వెనక రాయి ఉన్నా వినబడదు. స్టీల్ కేసింగ్ (బోరులో దించిన ఉక్కు పైపు) ఉంటే అదే ఉచిత పరీక్ష: గ్రౌటు పట్టని చోట మీటరుకు 187 మైక్రోసెకన్లకు దగ్గరగా చూపించాలి. చూపించకపోతే దించడం ఆపి, టైమింగ్ సరిచూడాలి.

ముందుగా చేరే పీ తరంగం వెనక నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం దగ్గరే అసలు పేచీ. రాతిలో దాని వేగం నీటిలో శబ్ద వేగం, అంటే సెకనుకు సుమారు 1,500 మీటర్ల కన్నా ఎక్కువగా ఉంటేనే ఇలా అన్ని వైపులా ఒకేలా శబ్దం పంపే మోనోపోల్ ప్రోబ్‌కు అది దొరుకుతుంది. శిథిల శిలలో, మట్టిలో దొరకదు. అయినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇస్తుంది. చాలాసార్లు అది బోరు నీటి వెంట వచ్చిన స్టోన్లీ తరంగానిది. ఎస్ వేగం సెకనుకు 1,400 మీటర్ల చుట్టుపక్కల, చాలా లోతు వరకు గీత గీసినట్టు నడుస్తుంటే అనుమానించండి. అలాంటి నేలకు బోరు గోడను పక్కకు ఊపి ఎస్ తరంగాన్ని పుట్టించే డైపోల్ పరికరమో, పీఎస్ సస్పెన్షన్ లాగింగో కావాలి.

గట్టి రాతిలో మాత్రం పీ, ఎస్ రెండు వేగాలూ చక్కగా వస్తాయి. వాటి నిష్పత్తి 1.73 అయితే పాయిజాన్ నిష్పత్తి (నొక్కినప్పుడు రాయి పక్కలకు ఉబ్బే తీరు) 0.25. రాయి బిగువును చెప్పే యంగ్స్ మాడ్యులస్‌కు సాంద్రత కూడా కావాలి, అది ఈ ప్రోబ్ కొలవదు. బోరులోంచి తీసిన రాతి కోర్ నుంచో, గామా కిరణాలతో సాంద్రత కొలిచే గామా-గామా లాగ్ నుంచో తేవాలి. పైగా వచ్చేది శబ్ద వేగాలతో లెక్కగట్టిన డైనమిక్ మాడ్యులస్. ల్యాబ్‌లో నొక్కి కొలిచే స్టాటిక్ విలువ కన్నా సాధారణంగా ఎక్కువ, పగుళ్లున్న రాతిలో మరీ ఎక్కువ. దాన్ని నేరుగా పునాది డిజైన్‌లో వేసుకోకూడదు.