గ్రబ్బా, లిమైనా, ఒకే మూటా: మైక్రోకెర్నల్ బూట్‌కు ఏది మేలు?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇంజినీరింగ్ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు సొంత మైక్రోకెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అతి ముఖ్యమైన పనులే చేసే చిన్న కెర్నల్) రాస్తామని ముందుకు రావడం ఈ మధ్య పెరిగింది. సంతోషమే. కానీ ప్రతి బ్యాచ్ నుంచీ నాకు వచ్చే మెసేజ్ మాత్రం అదే: "అన్నా, గ్రబ్ పెట్టాల్నా, లిమైన్ పెట్టాల్నా?" ఈ రెండూ బూట్‌లోడర్లు, అంటే సిస్టమ్ ఆన్ కాగానే కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చి నడిపించే ప్రోగ్రాములు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. క్రాస్ కంపైలర్ ఎందుకు, ఎల్ఫ్ ఫైల్ అంటే ఏంటి లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నా.

ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. మైక్రోకెర్నల్‌లో డిస్క్ డ్రైవరూ, ఫైల్‌సిస్టమూ కెర్నల్ బయట మామూలు ప్రాసెస్‌లుగా నడుస్తాయి. ఆ ప్రోగ్రాములు ఉండేది డిస్కు మీద. డిస్కు చదవాలంటే మళ్ళీ అవే కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఈ ముడి విప్పాల్సింది బూట్‌లోడరే. కెర్నల్‌తో పాటు మొదటి సర్వర్లను (ఆ బయటి ప్రాసెస్‌లనే సర్వర్లంటాం) కూడా అదే మెమరీలోకి తెచ్చి, ఏది ఏ అడ్రసులో ఉందో చిట్టా చేతికివ్వాలి. అసలు గ్రబ్ పుట్టిందే ఈ అవసరం నుంచి. 1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూటా యూనివర్సిటీ మాక్ 4 మైక్రోకెర్నల్ మీద బూట్ చెయ్యబోయి, మల్టీబూట్ స్పెసిఫికేషన్‌కూ (బూట్‌లోడర్, కెర్నల్ ఒకదానికొకటి ఏం ఇవ్వాలో చెప్పే నియమాలు) గ్రబ్‌కూ దారి తీశాడు. తర్వాత దాన్ని లినక్స్ వాళ్ళు సొంతం చేసుకున్నారు గానీ, కెర్నల్‌తో పాటు వేరే ఫైళ్ళను కూడా లోడ్ చేసిచ్చే 'మాడ్యూల్' అన్న ఏర్పాటు మనలాంటి వాళ్ళ కోసమే వచ్చింది.

గ్రబ్ వైపు పెద్ద బలం, పాత బయాస్ మెషీన్లయినా కొత్త యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్‌లయినా (రెండూ సిస్టమ్ ఆన్ కాగానే ముందు నడిచే ఫర్మ్‌వేర్ రకాలు) నడవడం. మన కాలేజీ ల్యాబుల్లో ఇంకా ఏ కాలపు సిస్టమ్‌లు ఉంటాయో మీకు తెలియంది కాదు. మల్టీబూట్ 1 పద్ధతిలో రాస్తే ఐఎస్‌ఓ (బూట్ అయ్యే సీడీ ఇమేజ్) కూడా అక్కర్లేదు, క్యూఎమూ ఎమ్యులేటర్‌కు కెర్నల్‌ను నేరుగా ఇచ్చేయొచ్చు. మాడ్యూల్స్‌ను కామాలతో విడదీసి ఇనిట్‌ఆర్‌డీ ఆప్షన్‌లో ఇస్తే సరి. కాకపోతే ఆ దారిలో క్యూఎమూ 64 బిట్ ఎల్ఫ్‌ను తీసుకోదు, 32 బిట్‌దే కావాలంటుంది.

ఇబ్బందులు ఎక్కడంటే, గ్రబ్ మామూలుగా కెర్నల్‌ను 32 బిట్ ప్రొటెక్టెడ్ మోడ్‌లో వదిలిపెడుతుంది. పేజీ టేబుళ్ళు (ఏ అడ్రసు మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికలు) కట్టి లాంగ్ మోడ్‌లోకి, అంటే 64 బిట్ మోడ్‌లోకి ఎక్కే అసెంబ్లీ మీరే రాసుకోవాలి. మల్టీబూట్ హెడర్ ఫైల్ మొదట్లోనే ఉండాలి. మల్టీబూట్ 1 అయితే మొదటి 8192 బైట్లలో, మల్టీబూట్ 2 అయితే మొదటి 32768 బైట్లలో. నిన్నటిదాకా బూట్ అయిన కెర్నల్ లింకర్ మారగానే "నో మల్టీబూట్ హెడర్ ఫౌండ్" అంటే కోడ్‌లో తప్పు వెతక్కండి. లింకర్ బిల్డ్-ఐడీ నోట్‌ను ముందు పెట్టి, పేజీ అలైన్‌మెంట్ పేరుతో హెడర్‌ను వెనక్కి నెట్టేసి ఉండొచ్చు. బిల్డ్-ఐడీ వద్దని చెప్పి, మ్యాక్స్-పేజ్-సైజ్ 4096 చేసి, లింకర్ స్క్రిప్టులో హెడర్ సెక్షన్‌కు కీప్ పెట్టండి. మేక్‌ఫైల్‌లో గ్రబ్-ఫైల్ కమాండ్‌తో హెడర్ ఉందో లేదో చెక్ పెట్టుకుంటే, బూట్ దాకా వెళ్ళకుండా బిల్డ్ దగ్గరే దొరికిపోతుంది.

ఇంకొకటి, ఇది చాలా ఉబుంటు ల్యాప్‌టాప్‌లలో ఎదురవుతుంది. గ్రబ్-ఎంకెరెస్క్యూ ఏ ఎర్రర్ లేకుండా ఐఎస్‌ఓ ఇస్తుంది. క్యూఎమూలో పెడితే "కుడ్ నాట్ రీడ్ ఫ్రమ్ సీడీరామ్, కోడ్ 0009". యూఈఎఫ్ఐతో ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో గ్రబ్ ఈఎఫ్ఐ ఫైళ్ళు మాత్రమే ఉండొచ్చు, అప్పుడు ఐఎస్‌ఓ కూడా ఈఎఫ్ఐకే తయారవుతుంది. క్యూఎమూ మామూలుగా వాడేదేమో బయాస్. గ్రబ్-పీసీ-బిన్ ప్యాకేజీ వేస్తే పోతుంది. ఎంటూల్స్, జొర్రిసో కూడా ఉండాలి. ఒకే కోడ్, రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు రకాల ఐఎస్‌ఓలు. టూలింగ్ చూసుకునేవాడికి టెన్షన్ ఇక్కడే.

లిమైన్ ఈ బాధలు చాలావరకు తీసేస్తుంది. 64 బిట్ కెర్నల్‌ను లాంగ్ మోడ్‌లోనే, పై సగం అడ్రసుల్లో, పేజీ టేబుళ్ళతో సహా నిలబెట్టి అప్పజెబుతుంది. మెమరీ మ్యాప్, ఫ్రేమ్‌బఫర్, మాడ్యూల్స్ ఏవి కావాలో కెర్నల్‌లోనే రిక్వెస్టులుగా రాసుకుంటే, జవాబులు అక్కడికే వచ్చి కూర్చుంటాయి. మొదటి రోజే సీ కోడ్‌లోకి దిగిపోవచ్చు. అయితే దాని సొంత ప్రోటోకాల్ 64 బిట్‌కే. వెర్షన్లు కూడా త్వరత్వరగా మారతాయి. ఒక మార్పులో కాన్ఫిగ్ ఫైల్ పేరు, రాసే తీరు రెండూ మారిపోయాయి. పాత ట్యుటోరియల్ చూసి రాసినవాళ్ళకు మెనూనే రాదు. అందుకే ఏ వెర్షన్ వాడుతున్నారో మేక్‌ఫైల్‌లో నంబరుతో కట్టేయండి, "లేటెస్ట్" అని వదిలేయకండి.

ఇంతవరకు చూస్తే లిమైన్‌దే పైచేయి అనిపిస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత ప్రాజెక్టును నిలబెట్టేదో పడగొట్టేదో బూట్‌లోడర్ కాదు. సర్వర్ల చిట్టా ఎక్కడ ఉంది అన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

మాడ్యూల్స్ విడివిడిగా ఇస్తే ఆ చిట్టా మూడు చోట్ల ఉంటుంది: మేక్‌ఫైల్‌లో, బూట్‌లోడర్ కాన్ఫిగ్‌లో, "రెండోది నేమ్ సర్వర్, మూడోది కన్సోల్" అని కెర్నల్ అనుకునే వరసలో. ఎవరో ఒక కొత్త సర్వర్ చేర్చి రెండు చోట్లే మార్చారనుకోండి. ఎర్రర్ ఏమీ రాదు. కెర్నల్ బూట్ అవుతుంది, ఒక సర్వర్ ఇంకోదానికి మెసేజ్ పంపి జవాబు కోసం కూర్చుంటుంది. అవతలివాడు అసలు పుట్టనే లేదు. స్క్రీన్ కదలదు, ప్యానిక్ కూడా ఉండదు. చూసినవాడు షెడ్యూలర్‌లో బగ్ అనుకుని రాత్రంతా దాన్నే తవ్వుతాడు. పేర్లతో గుర్తుపడదాం అన్నా గ్రబ్ 2లో మెలిక ఉంది. మాడ్యూల్ లైన్‌లో ఫైల్ దారి రాసి వదిలేస్తే కెర్నల్‌కు పేరు చేరదు, దాని పక్కన పేరు మళ్ళీ రాయాలి. మినిక్స్ 3 (మైక్రోకెర్నల్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్ళు మాడ్యూల్స్ ఫైల్ పేర్లలోనే 01, 02 అని వరస నంబర్లు పెట్టి ఈ గొడవను కొంత దారిలో పెట్టారు.

నాకు నచ్చింది మూడో దారి: మొదటి సర్వర్లన్నీ ఒకే మూటగా కట్టి, బూట్‌లోడర్‌కు ఒకే ఒక్క మాడ్యూల్‌గా ఇవ్వడం. పేరున్న మైక్రోకెర్నల్ ప్రాజెక్టులు చాలావరకు చేసేదిదే. క్యూఎన్ఎక్స్‌లో ఎంకేఐఎఫ్ఎస్ అనే టూల్ ఒక బిల్డ్ ఫైల్ చదివి ఇమేజ్ ఫైల్‌సిస్టమ్ కడుతుంది. ఫ్యూషియా ఓఎస్ కెర్నల్ జిర్కాన్‌కు జెడ్‌బీఐ అనే ఇమేజ్ ఫార్మాట్ ఉంది. ఎస్ఈఎల్4లో అయితే కెర్నల్ లేపేది ఒకే ఒక్క రూట్ టాస్కును, అంటే కెర్నల్ బయట నడిచే మొదటి ప్రోగ్రామును. మిగతావన్నీ సాధారణంగా దాని లోపలే సీపీఐఓ ఆర్కైవ్‌గా (ఫైళ్ళను ఒకటిగా కట్టే ఫార్మాట్) వస్తాయి. చిట్టా ఒక్క ఫైల్‌లో ఉంటుంది, బూట్‌లోడర్ కాన్ఫిగ్‌లో మాడ్యూల్ లైన్ ఒక్కటే, దాన్ని మళ్ళీ ముట్టుకునే పని ఉండదు. రేపు గ్రబ్ తీసి లిమైన్ పెట్టినా సర్వర్ల జోలికి పోనక్కర్లేదు. మూట విప్పే పని రూట్ టాస్కుకు ఇచ్చేస్తే కెర్నల్‌కు ఆ ఫార్మాట్ తెలియాల్సిన పని కూడా లేదు.

దీనికీ ఖర్చుంది. ఒక్క డ్రైవర్ మారినా మూట మొత్తం మళ్ళీ కట్టాలి. సీపీఐఓలో డేటా నాలుగు బైట్ల హద్దు మీద మొదలవుతుంది కాబట్టి ప్రోగ్రామును ఉన్నచోటి నుంచే మ్యాప్ చెయ్యలేరు, కాపీ చెయ్యాలి. కాసేపు మెమరీ రెట్టింపు పడుతుంది. విడి మాడ్యూల్స్‌కు ఈ బాధ లేదు, పేజీ హద్దుకు సర్ది ఇమ్మని మల్టీబూట్ హెడర్‌లోనే అడగొచ్చు. జిర్కాన్ బూట్‌ఎఫ్ఎస్ మూట లోపలే ప్రతి ఫైల్‌ను 4096 బైట్ల హద్దుకు సర్దుతుంది. మీరు మూట కట్టే స్క్రిప్టు పైథాన్‌లో రాసుకుంటే అదే చెయ్యండి. ఫైళ్ళను పేరు వరసలో పెట్టి, టైమ్‌స్టాంపులు సున్నా చెయ్యండి. అప్పుడు సర్వర్ బైనరీలు అవే అయితే మీ ల్యాప్‌టాప్‌లోనూ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోనూ మూట షా256 (ఫైల్ వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటే రావాలి. రాలేదంటే టూల్‌చెయిన్ తేడా అని అక్కడే తెలిసిపోతుంది.

బిల్డ్ టూల్ గురించి పెద్దగా చెప్పను. ఎస్ఈఎల్4 వాళ్ళు సీమేక్-నింజా, మినిక్స్ వాళ్ళు నెట్‌బీఎస్‌డీ బిల్డ్ స్క్రిప్టు. మీకు మేక్ చాలు. మన దగ్గర ఒక జాగ్రత్త మాత్రం అవసరం: డెస్క్‌టాప్ మీద ఇమేజ్ రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన ఫైల్ కొత్త టైమ్‌తో మిగిలిపోతుంది, మేక్ దాన్ని పూర్తయిందనుకుని వదిలేస్తుంది. తాత్కాలిక పేరుతో రాసి, చివర్లో అసలు పేరుకు మార్చండి. కంటైనర్‌లో టూల్‌చెయిన్ పెట్టుకోవడం మంచి అలవాటే గానీ, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ ఇమేజ్ దించుకునేవాళ్ళకు అది ఎంత పెద్దదో ముందే చెప్పండి.

సొంత యూఈఎఫ్ఐ లోడర్ రాస్తామనేవాళ్ళు సరదాకు రాయండి, ప్రాజెక్టు డెడ్‌లైన్ ఉంటే వద్దు. ఆర్మ్, రిస్క్-ఫైవ్ బోర్డు అయితే చాలావరకు యూ-బూట్ బూట్‌లోడర్ దానిమీదే ఉంటుంది, ఎంచుకునేదేమీ లేదు. అక్కడా కెర్నల్ ఒకటి, మూట ఒకటి లోడ్ చేస్తే సరిపోతుంది.

కొత్తగా 64 బిట్‌తో మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా లిమైన్, ఒకే మూట. ల్యాబ్‌లో 32 బిట్ సిస్టమ్ మీదే డెమో చూపించమని సార్ పట్టుబడితే గ్రబ్, అదే మూట.