పాకాల నుంచి లక్నవరం దాకా: మేం పెట్టిన ఖర్చులో చెరువుకు ఎంత ముట్టింది?

హనుమకొండలో తెల్లారుజామున అయిదింటికి బయల్దేరితే, నర్సంపేటలో టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే పాకాల చెరువు కట్ట మీద ఉండొచ్చు. మేం అట్లనే వెళ్లాం, నేను, మా ఆవిడ. మంగళవారం కావడంతో జనం లేరు. నీళ్ల మీద పొగమంచు, అవతల గుట్టలు, గుట్టల నిండా అడవి. కట్ట దగ్గర తిండి దొరుకుతుందని నమ్ముకోకండి, నర్సంపేటలోనే కట్టించుకోండి. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లకు మాత్రం ఈ యాత్రలో నా మొదటి ఓటు పాకాలకే.

గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువిది. ఇక్కడి నీళ్లే మున్నేరై మహబూబాబాద్ మీదుగా ఖమ్మం పోయి కృష్ణలో కలుస్తాయి. 2024 సెప్టెంబరులో అదే మున్నేరు ఖమ్మంలో ఇళ్లను ముంచింది. పాకాల చుట్టూ ఉన్న అడవి వాన నీళ్లను ఎంత పట్టి నిలిపితే కింద వరద జోరు అంత తగ్గుతుంది. అడవిని కాచేది ఇక్కడివాళ్లు, దాని ఫలం అందేది కిందివాళ్లకు. ఆ కిందివాళ్లు పైవాళ్లకు ఏమన్నా ఇస్తున్నారా అన్నదే రెండు రోజులూ నన్ను తొలిచింది.

ఆ రాత్రి రోడ్డు పక్కన ఒక రిసార్ట్‌లో దిగాం. గది 4,200 రూపాయలు. ఏసీ బాగుంది, పరుపు బాగుంది. కానీ పొద్దున లేచి వెనక్కి వెళ్తే, వంటగది మురుగు పైపు నేరుగా వాగులోకి పెట్టి ఉంది. అక్కడే ప్లాస్టిక్ ప్లేట్లు తట్టుకుని ఆగి ఉన్నాయి. ఆ వాగు కింద ఊరి చెరువులోకే పోతుంది. మేనేజరుకు చెప్తే చూస్తామన్నాడు. ఇంకోసారి అక్కడ దిగను.

రెండో రోజు రామప్ప. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలామంది గుడి చూసి వెనుదిరుగుతారు, చెరువు దాకా కూడా పోండి. అక్కడి నుంచి లక్నవరం చెరువు. వేలాడే వంతెన, దీవులు, బోట్లు ఉన్నాయి, పిల్లలుంటే ఇదే సరైన చోటు. ఆదివారం మాత్రం వద్దు. నీళ్ల మీద పడుకోవాలనుంటే టూరిజం వాళ్ల హరిత కాటేజీలు ముందే బుక్ చేసుకోవాలి.

మేం ఆ రాత్రి మా మేనత్త వాళ్ల ఊరికి పోయాం. అక్కడొక రైతు, కొత్తగా వేసిన స్లాబు గదిని వచ్చేవాళ్లకు ఇస్తున్నాడు. ఇద్దరికీ రెండు పూటల భోజనంతో 1,200. జొన్నరొట్టె, రవ్వ చేప పులుసు. చేపలు ఊరి సొసైటీ వాళ్లు మత్తడి దగ్గర, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లే చోట, పట్టినవి, మేమే రెండు కిలోలు 400కు కొన్నాం. బాత్రూం ఇంటి బయట ఉంది, వేడి నీళ్లు కట్టెల పొయ్యి మీద కాగాలి. అయినా నిద్ర ఇక్కడే బాగా పట్టింది.

పొద్దున ఆయన చేను చూపించాడు. ఒక మడిలో చెరువు పూడిక మట్టి తోలాడు, పక్క మడిలో తోలలేదు. గుప్పెడు తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా, చల్లగా, పిసికితే ముద్దయింది. పక్క మడి మన్ను వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. "మందు సంచులు సగానికి తగ్గినయ్ సార్" అన్నాడు. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు సర్కారుది, తోలకం ఖర్చు రైతుది. చెరువుకు లోతు, చేనుకు బలం. ఇద్దరికీ లాభం కాబట్టే ట్రాక్టర్లు వరుస కట్టాయి.

చెరువును చూసుకునేవాళ్లకు వాటా ఇవ్వడం మనకు కొత్తేం కాదు. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించి బాగోగులు చూసినవాళ్లకు ఆయకట్టులో దశబంధం, అంటే పదో వంతు దక్కేది. తూము తెరిచే నీరడికి రైతులంతా గింజలు కొలిచేవాళ్లు. హర్యానాలోని సుఖోమాజ్రిలో 1970లలో ఇదే పద్ధతి నిలబడింది. ఆ ఊరి గుట్టల మీద పశువులను మేపడంతో కొట్టుకొచ్చిన మట్టి చండీగఢ్ సుఖ్నా చెరువును పూడ్చేస్తుంటే, గుట్ట కింద చిన్న కట్టలు కట్టి ప్రతి ఇంటికీ నీటి వాటా ఇచ్చారు, భూమి లేనివాళ్లకు కూడా. వాళ్లు తమ వాటా అమ్ముకునే వీలుండేది. దాంతో మేత ఆపడం అందరి పనైంది, గుట్ట పచ్చబడింది, మట్టి రావడం తగ్గింది.

మా లెక్క వేసుకున్నాను. డీజిల్, గదులు, టికెట్లు, తిండి కలిపి 9,600. అందులో చెరువును కనిపెట్టుకుని ఉండేవాళ్ల చేతికి ముట్టింది 1,600. ప్రతి గది బిల్లులో చెరువు వాటా అని కొంత విడిగా రాసి, పైన గుట్ట కాచేవాళ్లకు, మత్తడి శుభ్రం చేసేవాళ్లకు పంచి, ఎవరికెంత ఇచ్చారో గ్రామ పంచాయతీ బోర్డు మీద రాస్తే నేను సంతోషంగా కడతాను. పని జరిగితేనే పైసలు, ఆ షరతు కూడా ఉండాలి.

బయల్దేరేటప్పుడు, వచ్చే ఎండాకాలం మట్టి తోలే ట్రాక్టర్ కిరాయిలో ఒక వంతు మాదని ఆ రైతుతో అన్నాను.

"మట్టి నా చేన్ల పడతది, మీరెందుకిచ్చుడు?" అన్నాడు.

"చెరువుల నీళ్లుంటెనే గదా అన్నా, మేం మళ్ల వచ్చేది" అంది మా ఆవిడ, ఆయన ఫోన్ నంబరు రాసుకుంటూ.